స్క్రూ మార్చాలా, పట్టు మార్చాలా? మోటర్‌హోమ్ బయటి సామాను వదులైనప్పుడు

మోటర్‌హోమ్‌ను, అంటే లోపలే వండుకుని పడుకునే బండిని, ఆషాఢంలో గండికోటకు తీసుకెళ్లడం నాదే తప్పు. పెన్నా లోయకు కాస్త దూరంలో బండి ఆపి, పక్కకు పందిరిలా చాపుకునే ఆనింగ్ తెరిచాను. టీకి స్టవ్ వెలిగించేలోపు ఒక విసురు గాలి వచ్చింది. గుడ్డ పొట్ట ఉబ్బినట్టు పైకి లేచింది. టక్కుమని చప్పుడైంది. చూస్తే ముందు వైపు బ్రాకెట్ గోడ నుంచి అర అంగుళం బయటికొచ్చి వేలాడుతోంది. మూడు స్క్రూల్లో రెండు చేత్తో లాగితేనే ఊడి వచ్చాయి.

దారిలో ఒక షెడ్డులో ఆపితే, అక్కడి కుర్రాడు చూసి "ఏం లేదు సార్, స్క్రూ చిన్నదైంది" అని ఇంకాస్త లావు స్క్రూలు దించాడు. పది నిమిషాల పని. తాడిపత్రి దాటాక అద్దంలో చూస్తే బ్రాకెట్ మళ్లీ ఊగుతోంది. అనంతపురం చేరాక, లారీ బాడీలు కట్టే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన స్క్రూ వైపు చూడనే లేదు. వేలితో బెజ్జం తడిమి, "స్క్రూ మీద కోపమెందుకు సారూ, అది కరుచుకోవడానికి లోపల ఏముంది?" అన్నాడు.

ఏమీ లేదు. 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు, దాని వెనక థర్మాకోల్, దాని వెనక లోపలి ప్లైవుడ్. అంతే.

అప్పటి నుంచి బండి చుట్టూ వదులైన ప్రతి బ్రాకెట్టుకూ, బందుకూ, గడియకూ ఒక్కో పద్ధతి వాడి చూశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని నన్ను ఫూల్ చేశాయి. మన రోడ్లకూ మన ఎండకూ ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో ఆ అనుభవంతో రాస్తున్నాను. మన దగ్గర మోటర్‌హోములు ఎక్కువగా వ్యాన్ మీదో మినీ బస్ మీదో షెడ్డులో కట్టించుకున్నవే కాబట్టి వాటినే దృష్టిలో పెట్టుకున్నాను. ఫైబర్ బాడీ వాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

ముందు గోడ వెనక ఏముందో తెలుసుకోండి

పానా పట్టుకునే ముందు తెలియాల్సినవి మూడే. స్క్రూ ఇప్పుడు దేన్ని కరుచుకుని ఉంది? అవతలి వైపుకు మీ చెయ్యి వెళ్తుందా? ఆ సామాను మీద పడే బరువు కిందికి జారుస్తుందా, గోడ నుంచి బయటికి లాగుతుందా? ఈ మూడూ తేలితే సగం పద్ధతులు వాటంతటవే పక్కకు పోతాయి.

లోపల ఇనుప ఫ్రేము ఎక్కడుందో కనుక్కోవడానికి ఒక మంచి అయస్కాంతం చాలు. అల్యూమినియం రేకుకైనా ఫైబరుకైనా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి ఎక్కడ లాగినట్టు అనిపిస్తే అక్కడ వెనక ఇనుప పైపు ఉన్నట్టే. పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి నేను గోడంతా తిప్పాను. ఫ్రేము దొరికిన ప్రతిచోటా చాక్‌పీసుతో గీత పెడితే, మన ఆనింగ్ బ్రాకెట్ ఫ్రేముకు రెండంగుళాల పక్కన బిగించి ఉందని తెలిసింది! బాడీ రేకే ఇనుముదైతే అయస్కాంతం అంతటా అంటుకుంటుంది. అప్పుడు వేళ్ల కణుపులతో తట్టి వినడమే దారి. బోలు చప్పుడు ఎక్కడ గట్టిపడితే అక్కడ ఫ్రేము.

ఊడిన స్క్రూను కూడా పారేయకండి, దాని కొన చాలా చెబుతుంది. మరల్లో మెరిసే అల్యూమినియం పొట్టు ఇరుక్కుని ఉంటే రేకు చిరిగింది. తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం, వేరే లోహం, తేమ మూడూ కలిసి రేకును తింటున్నాయి. ఎర్ర తుప్పు ఉంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. నల్లగా మెత్తటి చెక్క పొడి వస్తే మాత్రం బ్రాకెట్ సంగతి పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్ కొనతో బెజ్జం లోపల పొడిచి చూడండి. కొన మెత్తగా దిగిపోతే లోపల చెక్క కుళ్లింది. దానికి ఈ వ్యాసంలో మందు లేదు, ఆ చెక్క మార్చాల్సిందే.

లావు స్క్రూ, అగ్గిపుల్లలు, ఎంసీల్

అందరూ మొదట చేసేది లావు స్క్రూ వేయడం. అది ఎందుకు పనిచేయదో ఒక చిన్న లెక్క చెబుతుంది. 10 నంబరు రేకు స్క్రూ లావు 4.8 మి.మీ. దాని మరలో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మి.మీ. మన రేకు మందమేమో 1 మి.మీ. అంటే ఒక పూర్తి చుట్టు కూడా రేకులో పట్టుకుని లేదు. 12 నంబరుకు వెళ్తే లావు 5.5 అవుతుంది కానీ చుట్ల మధ్య దూరం కూడా 1.8కి పెరుగుతుంది. బెజ్జం పెద్దదైంది, పట్టు మాత్రం పెరగలేదు. ఆ తర్వాత 14 నంబరు, ఆ తర్వాత ఇంకేం లేదు. మిగిలేది వేలు పట్టే బెజ్జం.

దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. వెనక 2 మి.మీ. మందం ఇనుప పైపు ఉండి, అందులో మర మాత్రమే అరిగితే, ఒక్క నంబరు పెద్ద స్క్రూ ఒక్కసారి వేయొచ్చు. నా బండి వెనక నంబర్ ప్లేటు లైటు అలాగే నడుస్తోంది. రెండోసారి వదులైతే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.

అగ్గిపుల్లల వైద్యం మన ఇళ్లలో తలుపు బందులకు తాతల నాటిది. బెజ్జంలో రెండు పుల్లలు దూర్చి స్క్రూ బిగిస్తే పట్టేస్తుంది. బండి లోపలి అల్మరాలకు ఇప్పటికీ అదే చేస్తాను, సిగ్గేం లేదు. బయట మాత్రం వద్దు. వానకు పుల్ల ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, స్క్రూ మళ్లీ మొదటికొస్తుంది. వెనక గట్టి చెక్క పట్టీ ఉన్న బండి అయితే పద్ధతిగా చేయొచ్చు. బెజ్జాన్ని 10 మి.మీ.కి పెంచి, దానికి సరిపడే గుండ్రటి టేకు ముక్కను అరాల్డైట్‌తో దిగ్గొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, మధ్యలో కొత్తగా సన్నటి బెజ్జం వేయాలి. ఇది బాగా నిలుస్తుంది. ఆ ఒక్క రోజు ఆగే ఓపిక చాలామందికి ఉండదు, అదే చిక్కు.

ఎంసీల్ గురించి కూడా ఒక మాట. బెజ్జం మూయడానికి అది మంచి సరుకు. స్క్రూను మోయడానికి కాదు. పల్చటి రేకులో అది కరుచుకునే అంచే ఉండదు. స్క్రూతో పాటు ముద్ద కూడా గోళీలా ఊడి చేతిలోకి వస్తుంది. పాత బెజ్జాలు పూడ్చి, పక్కన కొత్త చోట బిగించుకునేటప్పుడు వాడండి.

రివిట్టా, రివ్‌నట్టా

అవతలి వైపుకు చెయ్యి వెళ్లని చోట ఈ రెండే దిక్కు. రెండూ బయటి నుంచే పెట్టి బయటి నుంచే బిగించేవి. తేడా ఏమిటంటే పాప్ రివిట్ శాశ్వతం, రివ్‌నట్ విప్పుకునేది.

పాప్ రివిట్‌ను మన బాడీ షెడ్లలో పిల్లాడు కూడా కొడతాడు. చేతి గన్ను కొన్ని వందల్లో వస్తుంది. 4.8 మి.మీ. రివిట్‌కు బెజ్జం 4.9 ఉండాలి. 5 డ్రిల్లు బిట్టు వేసినా నడుస్తుంది, అంతకు మించి వదులైతే రివిట్ సరిగా కూర్చోదు. నిలువునా జారే బరువుకు అది గట్టిగా నిలబడుతుంది. బయటికి లాగే బరువుకు అంత కాదు, ఎందుకంటే వెనక ఉబ్బిన తల చిన్నది, పల్చటి రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. అందుకే రేడియం ప్లేట్లు, అంచు పట్టీలు, చక్రాల పైన రబ్బరు బిగించే రేకు, ఇలాంటి వాటికి రివిట్‌ను మించింది లేదు. ఆనింగ్‌కూ నిచ్చెనకూ వద్దు.

రివిట్ కొనేటప్పుడు ఇంకో సంగతి అడగండి. మామూలు రివిట్ మధ్యలో బోలుగా ఉంటుంది. అందులో తెగి మిగిలిన ఇనుప మేకు ముక్క వానకు తుప్పు పట్టి, తెల్ల బండి మీద ఎర్రటి కన్నీటి చారలు దిగుతాయి. కొన మూసి ఉండే సీల్డ్ రివిట్లు వేరుగా దొరుకుతాయి. చిన్న ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో ఉండకపోవచ్చు, ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. అవి లేకపోతే తల మీద చుక్క సీలెంట్ (నీళ్లు దిగకుండా పూసే బంక) అయినా వేయండి.

రివ్‌నట్ నాకు ఆలస్యంగా పరిచయమైంది. ఇన్నాళ్లూ ఎలా బతికానా అనిపించింది. రేకుకు లోపలి వైపు ఉబ్బి కూర్చునే నట్టు అది. ఒకసారి దిగాక అందులో మామూలు బోల్టు బిగించుకోవచ్చు, ఎన్నిసార్లయినా విప్పుకోవచ్చు. గ్యాస్ సిలిండర్ పెట్టే అరకున్న తలుపు బందులు నేను ఎం5 (5 మి.మీ. లావు బోల్టు పట్టే) రివ్‌నట్లతో బిగించాను. ఎం5కు సాధారణంగా 7 మి.మీ., ఎం6కు 9 మి.మీ. బెజ్జం కావాలి. అయినా ప్యాకెట్ మీద ఏం రాసుందో చూసి వేయండి. బెజ్జం సైజే ఇక్కడ ప్రాణం. అర మిల్లీమీటరు పెద్దదైనా, తర్వాత ఎప్పుడో బోల్టు విప్పేటప్పుడు నట్టు కూడా గిర్రున తిరుగుతుంది. అప్పుడు బోల్టు ఇటూ రాదు, అటూ పోదు, తల కోసేయడం తప్ప దారి లేదు. ఒకటి నాకూ అలాగే తిరిగింది, సగం ఆదివారం తినేసింది.

ఫైబర్ బాడీలో మామూలు రివ్‌నట్ పెట్టొద్దు. ఉబ్బేటప్పుడు ఫైబరును పగలగొడుతుంది. ఇత్తడి నట్టు చుట్టూ రబ్బరు ఉండే వెల్‌నట్ అని వేరే రకం ఉంది, తేలిక సామానుకు అది వాడొచ్చు. బరువు సామాను అయితే కింద చెప్పే బోల్టే.

అవతలి దాకా బోల్టు

నా మాట ఒక్కటే వింటానంటే ఇది వినండి. మనిషి ఎక్కేదైనా, గాలి లాగేదైనా, బోల్టు గోడ అవతలికి వెళ్లాలి, అక్కడ ఒక పట్టీ మీద నట్టు పడాలి. మిగతావన్నీ ఇది కుదరనప్పుడు చేసుకునే సర్దుబాట్లు.

ఆనింగ్ లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల చాపు ఉంటే గుడ్డ వైశాల్యం 7.5 చదరపు మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల గాలి తిన్నగా మీద పడితే చదరపు మీటరుకు దాదాపు 7.5 కిలోల తోపు. మొత్తం మీద 55 కిలోల పైమాటే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు, అంటే 220 కిలోలు దాటుతుంది. గుడ్డ పడుకుని ఉంటుంది కాబట్టి ఎప్పుడూ అంత పడదు కానీ, ఒక విసురుకు కింది నుంచి లేచినప్పుడు లెక్క అక్కడికే పోతుంది. పైగా అది ఊపుతూ లాగుతుంది. అనంతపురం దగ్గరి రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ గాలికి మూడు రేకు స్క్రూలు అడ్డం నిలబడాలని నేను ఆశించాను.

అనంతపురంలోని ఆ పెద్దాయన నా బండికి చేసింది ఇది. లోపలి పైఅల్మరా విప్పించాడు. అదే సగం పని, ఆ స్క్రూలన్నీ ఎక్కడెక్కడివో ఫోనులో ఫోటో తీసుకోవడం మంచిది. బ్రాకెట్‌ను ఫ్రేము పైపు మీదికి జరిపాడు. ఎం8 స్టీలు బోల్టులు బయటి నుంచి దూర్చి, లోపల 3 మి.మీ. మందం, అరచేయంత అల్యూమినియం పట్టీ వేసి, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, ఊపుకు వదులవని నట్లు) బిగించాడు. ఆ పట్టీ ఎందుకంటే, లాగే బలం ఒక్క వాషరంత చోట కాకుండా అరచేయంత చోట పంచుకోవాలి. పట్టీ మూలలు ఆకురాయితో గుండ్రంగా రాయించండి. పదును మూల ప్లైవుడ్‌లోకి దిగుతుంది.

ఆయన చేసిన ఇంకో పని నాకు అసలు తట్టేది కాదు. రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య థర్మాకోల్ ఉంది కదా, నట్టు గట్టిగా బిగిస్తే గోడ దిండులా నొక్కుకుపోతుంది. బిగించిన రోజు గట్టిగా ఉంటుంది, వారానికి థర్మాకోల్ కుంగి వదులవుతుంది. అందుకని గోడ మందమెంతో అంతే పొడవున్న చిన్న అల్యూమినియం గొట్టం ముక్కలు కోసి, బోల్టు చుట్టూ థర్మాకోల్‌లో దూర్చాడు. ఇప్పుడు బిగింపు అంతా గొట్టం మీద పడుతుంది, థర్మాకోల్ మీద కాదు. మీరు షెడ్డులో పని చేయించేటప్పుడు ఈ గొట్టం సంగతి నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఎవరూ వేయరు.

పొడవాటి రైలు, అంటే ఆనింగ్ లాంటివి పట్టుకునే అల్యూమినియం పట్టీ, బిగించేటప్పుడు మన ఎండను కూడా లెక్కలో పెట్టుకోవాలి. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల్లో ఉన్న రైలు, మే నెల మధ్యాహ్నం కర్నూలు రోడ్డు మీద సులువుగా 58కి పోతుంది. ఆ 40 డిగ్రీల తేడాకు 3 మీటర్ల అల్యూమినియం దాదాపు 2.8 మి.మీ. సాగుతుంది. దాని వెనక ఇనుప ఫ్రేము సాగేది సుమారు 1.4 మాత్రమే. మిగతా 1.4 మి.మీ. ఎక్కడికి పోవాలి? స్క్రూల మెడల మీదికి. రోజూ కాస్త కాస్త ఇటూ అటూ, ఏడాది పొడవునా. రోడ్డు గుంతలనే మనం తిట్టుకుంటాం కానీ, ఆగి ఉన్న బండిలో కూడా స్క్రూలు వదులవడానికి కారణం ఇదే. మందు సులభం. రైలుకు మధ్య బెజ్జం ఒక్కటి గుండ్రంగా ఉంచి, రెండు పక్కలా ఉన్నవి రెండు మిల్లీమీటర్లు పొడవుగా రాయించాలి.

ఈ పద్ధతికి ఉన్న చెడ్డ గుణాలు కూడా చెప్పాలి. లోపల విప్పే పని ఎక్కువ. అల్మరా వెనక వైరింగ్ ఉంటే డ్రిల్లు దానిలోకి పోయే ప్రమాదం ఉంది. మే నెలలో లోపలి నట్టు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, అక్కడ ఒక ప్లాస్టిక్ టోపీ పెట్టుకోండి.

గమ్ము, టేపు, వెల్డింగ్

బెజ్జమే వేయకుండా రెండు వైపులా అంటుకునే గట్టి ఫోమ్ టేపుతో బిగించే వాళ్లు ఈ మధ్య పెరిగారు. తేలిక సామానుకు నాకూ అభ్యంతరం లేదు. వెనక కెమెరా, సన్నటి లైటు పట్టీ, పేరు అక్షరాలు టేపుతోనే ఉన్నాయి. బెజ్జం లేదు కాబట్టి నీళ్ల బాధ లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. రేకును స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడవాలి, గట్టిగా నొక్కాలి, మూడు రోజులు బరువు పెట్టకూడదు. ఇలాంటి టేపులు అంటించడానికి అనువైన వేడి 21 నుంచి 38 డిగ్రీల మధ్య. మన వేసవిలో పొద్దున తొమ్మిదికే రేకు అది దాటేస్తుంది. తెల్లవారుజామున చేయాల్సిన పని ఇది. లాగే బరువు ఉన్న ఏ సామానుకైనా టేపు ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఇక వెల్డింగ్. మన షెడ్లలో ఏ జబ్బుకైనా మొదట రాసే మందు ఇదే. "వెల్డింగ్ వేసేద్దాం సార్, జన్మలో ఊడదు." లారీకి ఊడదు, నిజమే. మోటర్‌హోమ్ గోడలో మాత్రం ఆ పైపుకు అంగుళం దూరంలో థర్మాకోల్ ఉంది, వైరింగ్ ఉంది, కొన్ని బండ్లలో గ్యాస్ పైపు ఉంది. థర్మాకోల్ అంటుకుంటే మంట బయటికి కనిపించేలోపు లోపల గది పొగతో నిండుతుంది. చాసిస్‌కు వేలాడే స్టెప్నీ క్యారియర్, కాలు పెట్టే మెట్టు లాంటి కిందివాటికి వెల్డింగ్ సరే. అప్పుడు కూడా బ్యాటరీ తీగలు విప్పించండి, సిలిండర్ దించేయండి. గోడకు బిగించిన దేనికీ నేను ఒప్పుకోను, ఎంత బతిమాలినా.

మరి ఏ సామానుకు ఏది

ఆనింగ్‌కు ఇప్పటికే చెప్పాను, ఫ్రేము మీద బోల్టు. ఫ్రేము మీదికి బ్రాకెట్ జరపడానికి వీల్లేకపోతే లోపలి పట్టీని రెండింతలు పెద్దది చేయండి.

వెనక నిచ్చెనకు కాస్త తెలివి కావాలి. 70 కిలోల మనిషి ఎక్కినప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతుంది కాబట్టి పై బ్రాకెట్లు గోడ నుంచి బయటికి లాగబడతాయి, కింది కాళ్లు గోడకే నొక్కుకుని కిందికి జారాలని చూస్తాయి. అందుకే పైన బోల్టూ పట్టీ తప్పనిసరి. కింద రివ్‌నట్‌తో సరిపెట్టుకోవచ్చు. నేను అలాగే చేశాను. నాలుగు చోట్లా ఒకే స్క్రూ వేసి పంపిన నిచ్చెనలు చూస్తే నాకు భయం.

సామాను పెట్టుకునే అరల తలుపులకు బందులు ఊడటం ఎక్కువసార్లు బందు తప్పు కాదు. తలుపు రబ్బరు గట్టిపడి, గడియ వేయడానికి తోసి తోసి బందు మీద బలం పడుతుంది. ముందు రబ్బరు మార్చి చూడండి. ఆ తర్వాతే రివ్‌నట్. గడియకైతే వెనక చెయ్యి ఎలాగూ వెళ్తుంది, కాబట్టి చిన్న బోల్టు, పెద్ద వాషరు, నైలాక్ నట్టు. పది నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చు టీ డబ్బులు.

నీళ్లు నింపే మూత చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగుకు మాత్రం ఏదీ గట్టిగా బిగించొద్దు. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ పగులుతుంది. అక్కడ సన్న స్క్రూ, కింద సీలెంట్, అంతే.

స్టీలు బోల్టు కొనేటప్పుడు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని అడిగి తీసుకోండి. 202 రకం చౌక, చూడ్డానికి తేడా తెలియదు, రెండు వానలకు గోధుమరంగు మరకలు పడతాయి. అల్యూమినియం రేకుకూ స్టీలు తలకూ మధ్య నైలాన్ వాషరు పెడితే ఆ తెల్ల పొడి బాధ తగ్గుతుంది. అనంతపురం, కడప గాలి పొడి గాలి కాబట్టి మనకు ఇది నెమ్మదిగా వచ్చే జబ్బు. ఏడాదికి రెండుసార్లు సముద్రం ఒడ్డున బండి నిలిపే వాళ్లకు త్వరగా వస్తుంది. స్టీలు బోల్టు మీద స్టీలు నట్టును డ్రిల్లు మెషీన్‌తో వేగంగా తిప్పితే మరలు కరుచుకుపోయి మధ్యలో ఆగిపోతాయి. కాస్త గ్రీజు రాసి, చేత్తో బిగించండి.

కింద ఏం పూయాలి

బ్రాకెట్ ఎంత గట్టిగా బిగించినా కింద నీళ్లు ఆగకపోతే రెండేళ్లకు మళ్లీ అదే పని. మన దగ్గర వాన తక్కువే. అనంతపురం దేశంలోనే బాగా పొడిగా ఉండే జిల్లాల్లో ఒకటి. కానీ వచ్చినప్పుడు ఒక్క గంటలో కుండపోతగా వస్తుంది, గాలితో పక్క నుంచి కొడుతుంది.

షాపువాడు చేతికిచ్చేది సిలికాన్. బాత్‌రూమ్‌కు మంచిదే. వెనిగర్ వాసన వచ్చే రకం ఉత్త లోహాన్ని తింటుంది. పైగా ఒకసారి సిలికాన్ పూసిన చోట ఆ తర్వాత రంగు పట్టదు, వేరే సీలెంటూ పట్టదు, గీకి గీకి చేతులు పడిపోతాయి. బ్రాకెట్ల కింద నేను వాడేది బ్యూటైల్ టేపు. బంకమట్టిలా ఉంటుంది, ఎప్పటికీ గట్టిపడదు, బిగించేకొద్దీ అంచుల నుంచి బయటికి వస్తుంది, దాన్ని ప్లాస్టిక్ ముక్కతో తీసేయాలి. మరుసటి రోజు ఎండ ఎక్కాక ఇంకోసారి బిగించాలి, ఎందుకంటే వేడికి అది ఇంకాస్త నలుగుతుంది. పైకప్పు మీద, ఎండ నేరుగా పడే అంచుల మీద బ్యూటైల్ జారుతుంది. అక్కడ ఎండను తట్టుకునే రకం పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ మేలు. అది అతుకు కూడా కాబట్టి, రేపు విప్పాల్సి వస్తే కత్తితో కోయాలి. విప్పేదానికి బ్యూటైల్, విప్పనిదానికి పీయూ అని నేను గుర్తు పెట్టుకున్నాను.

సీలెంట్ బ్రాకెట్ చుట్టూ గీత గీసినట్టు పూస్తే సరిపోదు. విప్పి, పాతది పూర్తిగా గీకి, బెజ్జం చుట్టూ కింద పెట్టి బిగించాలి. పై నుంచి పూసేది మనసు తృప్తికే.

మళ్లీ ఊడకుండా

స్ప్రింగ్ వాషర్ మీద నాకు నమ్మకం పోయింది. గుంతల రోడ్డు మీద కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, స్ప్రింగ్ వాషర్ ఉన్న నట్లే ముందు వదులయ్యాయి. నట్టు ఉన్న చోట నైలాక్, రివ్‌నట్‌లో బోల్టుకు నీలి రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు మందు) రెండు చుక్కలు. ఎరుపు రంగుది కొనకండి. దాన్ని విప్పాలంటే 250 డిగ్రీల దాకా వేడి చేయాలి, రంగు, రబ్బరు అన్నీ మాడతాయి. ప్లాస్టిక్ సామాను దగ్గర ఏ రంగుదీ వద్దు, కొన్ని ప్లాస్టిక్కులు ఆ మందుకు పగుళ్లిస్తాయి. రేకు స్క్రూకు, చెక్క స్క్రూకు అది పనే చేయదు.

లారీవాళ్లు చక్రాల నట్ల మీద రంగుతో గీత పెట్టుకుంటారు చూడండి, అదే చేయండి. బిగించాక బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి ఒక సన్న గీత. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆ తర్వాత ప్రతి పెద్ద ప్రయాణానికి ముందు, బండి చుట్టూ నడిచి గీతలు చూస్తే చాలు. పానా పట్టాల్సిన పని లేదు.

మొన్న కార్తీకంలో గండికోటకు మళ్లీ వెళ్లొచ్చాను. వచ్చాక చూస్తే ఆనింగ్ గీతలన్నీ పెట్టినచోటే ఉన్నాయి. నిచ్చెన కింది ఎడమ కాలు గీత మాత్రం వెంట్రుకంత జరిగింది. బోల్టు తిరిగిందో, లోపల రివ్‌నట్టే తిరిగిందో ఇంకా విప్పి చూడలేదు. తిరిగింది రివ్‌నట్టే అయితే, ఆ మూలన ఉన్న మంచం పెట్టె మొత్తం విప్పి అక్కడ కూడా పట్టీ వేయించాలి.